దీపదృష్టాంతము: తత్త్వగ్రంథముల సులభబోధనను గూర్చి వాడపల్లి గడపముందొక విచారము

ఉపోద్ఘాతము

నల్లగొండ జిల్లా దామరచర్ల మండలమున, మూసీనది కృష్ణలో కలియుచోట, వాడపల్లి యను క్షేత్రము గలదు. ఆ సంగమతీరమున అగస్త్యేశ్వరాలయమును శ్రీలక్ష్మీనరసింహస్వామి యాలయమును నెలకొనియున్నవి. నరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపములు వెలుగుచుండును. ఒకటి స్వామి ముఖమునకు సరియైన యెత్తున నుండి ఎడతెగక కదలుచుండును. రెండవది దానికి దిగువను నిశ్చలముగా వెలుగుచుండును. పైదీపము కదలుట స్వామి యుచ్ఛ్వాసనిశ్వాసముల వలననే యని భక్తుల విశ్వాసము. గాలి వచ్చి పోవు త్రోవను వెదకి కారణము చెప్పుట హేతువాది పని. ఆ రెంటిలో ఏది నిజమని తేల్చుట ఈ వ్యాసమునకు ప్రకృతము కాదు. మిర్యాలగూడ బియ్యపుమిల్లులో బస్తాలు మోయు హమాలీయు, వాడపల్లి సిమెంటు కర్మాగారమున పనిచేయు కార్మికుడును, చుట్టుపట్ల తండాలనుండి వచ్చిన లంబాడి యిల్లాలును, షడ్దర్శనములు చదివిన సంస్కృత పండితుడును ఆ గడపముందు ప్రక్కప్రక్కన నిలిచినప్పుడు వారి చదువులు వేరైనను, ఇంట మాటలాడు భాషలు వేరైనను, కన్నులకు కనబడునది మాత్రము ఒక్కటే యగుట మనకిక్కడ ప్రకృతము.

తత్త్వగ్రంథములను సామాన్యజనులకు బోధించుటను గూర్చి మనలో రెండభిప్రాయములు చిరకాలముగా వ్యాప్తిలో నున్నవి. పరిభాషను విడిచిన తత్త్వము ప్రాణము విడిచిన దేహము వంటిదని పండితులలో కొందరందురు. శాస్త్రచర్చల గొడవ జనులకేల, సారాంశమును అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్లు అందించిన చాలునని ప్రచారకులలో కొందరందురు. ఆలంకారికుల మాటలలో చెప్పవలెనన్న, మొదటివారు నారికేళపాకమునకు టెంకయే గౌరవమని తలచుచున్నారు. రెండవవారు సర్వమును కదళీపాకము చేసి పంచగోరుచున్నారు. టెంకాయను పగులగొట్టుట గుడికి వచ్చిన ప్రతి భక్తునకు తెలిసిన విద్యయే యన్న సంగతి ఇరుతెగల వారికిని స్ఫురించినట్లు లేదు.

సులభబోధ యనునది శాస్త్రమునకు వెలుపలినుండి వచ్చిన దయాదాక్షిణ్యము కాదనియు, దానికి వలసిన సాధనములను శాస్త్రకారులే తమ గ్రంథములలో అమర్చిపెట్టిరనియు, సిద్ధాంతమును తేలికపరచుట కాక, దానికి ఎదురు నిలిచిన పూర్వపక్షమును శ్రోత తన నోట తానే పలుకునట్లు చేయుటయే నిజమైన సులభబోధ యనియు నిరూపించుట ఈ వ్యాసోద్దేశము. ఇందులకు ఆధారముగా దీపమను ఒక్క దృష్టాంతమును గైకొని, అది వేర్వేరు దర్శనములలో ఎట్లు వినియోగపడినదో, తెలుగునాట తత్త్వబోధకులు ఆ మార్గమును ఎంతవరకు అనుసరించిరో పరిశీలింతము.

దృష్టాంత లక్షణము

గౌతముని న్యాయసూత్రములు ఐదధ్యాయముల గ్రంథము. ఆ దర్శనము అంగీకరించిన పదునారు పదార్థములలో దృష్టాంతము ఐదవది. లోకసామాన్యమైన బుద్ధి గలవారికిని, తర్కప్రమాణములచేత వస్తువును పరీక్షింపగలవారికిని ఏ విషయమున తెలివి సమానముగా నుండునో అది దృష్టాంతమని సూత్రకారుని తాత్పర్యము. మొదటివారిని లౌకికులనియు, రెండవవారిని పరీక్షకులనియు ఆ శాస్త్రము వ్యవహరించును. ఈ నిర్వచనమునందలి విశేషమును నిదానించి చూడవలెను. ఇందులో పండితుడు పామరుని కొరకు దిగివచ్చుట లేదు. పామరుడు పండితుని యొద్దకు ఎక్కిపోవుటయు లేదు. ఇద్దరును సమానముగా నిలువగల చోటు లోకమున నున్నదనియు, అట్టి చోటు చూపలేనినాడు పండితుని వాదమే నిలువదనియు దీని భావము.

ఇది మాటవరుసకు చెప్పినది కాదు. నైయాయికులు ఇతరులకు నిరూపించునప్పుడు వాడు వాక్యము ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అని ఐదవయవములు గలది. మూడవదగు ఉదాహరణము లోపించినచో తక్కిన నాలుగును కూలిపోవును. కొండమీద పొగను చూచి అక్కడ నిప్పున్నదని ఊహించు ప్రసిద్ధానుమానమున తార్కికుడు చూపు సాక్ష్యము వంటయిల్లు. నిప్పు లేనిచోట పొగయు ఉండదనుటకు చూపు సాక్ష్యము మడుగు. మహానసమని, మహాహ్రదమని సంస్కృతమున గంభీరముగా పలికినను అవి మన పొయ్యిగదియు ఊరిచెరువునే గదా! పచ్చికట్టె పెట్టి పొయ్యి రాజేసిన యిల్లాలికి పొగకును నిప్పునకును గల సంబంధము తెలిసినంతగా తార్కికునికి తెలియునో తెలియదో చెప్పజాలము. భారతీయ తర్కశాస్త్రమునకు మూలసాక్షి ఆమెయే. ఆమె సాక్ష్యము నంగీకరించి కట్టిన శాస్త్రము ఆమెకు అర్థము కాదనుట న్యాయము కాదు.

ఒకే దీపము, అనేక దర్శనములు

వాడపల్లి గడపముందు నిలిచి దర్శనగ్రంథములను జ్ఞప్తికి తెచ్చుకొన్నయెడల ఆశ్చర్యకరమైన సంగతి యొకటి గోచరించును. పరస్పరము పడని దర్శనములు సైతము ఈ యొక్క దీపమునే పట్టుకొని మాటలాడినవి.

మొదట భగవద్గీతను చూతము. ఆరవ అధ్యాయమున శ్రీకృష్ణుడు యోగి చిత్తమును గాలిలేనిచోట నున్న దీపముతో పోల్చెను. క్రింది దీపమును చూపిన చాలును, ఈ పోలిక ఎవరికైనను తెలియును. కాని గ్రంథము అక్కడ ఆగలేదు. అదే యధ్యాయమున అర్జునుడు అడ్డుపడి, మనస్సు మిక్కిలి చంచలమనియు, దానిని పట్టుట గాలిని పట్టుటవలె దుష్కరమనియు మనవి చేసెను. ఉపదేశములో లేదన్న గాలి శిష్యుని ప్రశ్నలో వీచినది. అప్పుడు కృష్ణుడు అర్జునుని మాట నిజమేయని ఒప్పుకొని, అభ్యాసవైరాగ్యములను ఉపాయముగా చెప్పెను. వాడపల్లి క్రింది దీపము ఉపదేశమైనచో పైదీపము అర్జునుని ప్రశ్న. నేటి ఉపన్యాసములలో ననేకము క్రింది దీపమును మాత్రమే చూపి ముగియుచున్నవి. వినువాని మనస్సు పైదీపమువలె కొట్టుకొనుచుండగా ఆ నిశ్చలత్వము తనకు సంబంధించినది కాదని అతడు లేచిపోవుచున్నాడు.

ఇక సాంఖ్యము. ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారికలలో పదుమూడవది త్రిగుణముల స్వభావమును చెప్పి, అవి దీపమువలె ఒక ప్రయోజనమునకై కలిసి పనిచేయునని వివరించుచున్నది. నూనె నిప్పునకు విరోధి. ఒక్కసారిగా పోసిన ఆర్పివేయును. వత్తి నిప్పునకు ఆహారము. ఒంటరిగా నున్న క్షణములో బూడిదయగును. అట్టి విరుద్ధవస్తువులు మూడును ప్రమిదలో కుదిరినప్పుడు వెలుగు పుట్టుచున్నది. తేలికయై ప్రకాశించు సత్త్వమును, కదలించు రజస్సును, బరువై కప్పు తమస్సును ఒకే ప్రకృతియందెట్లు ఇముడునను శంకకు ఇంతకన్న సులభమైన సమాధానము దొరకదు.

బౌద్ధుల దీపము మరియొక తీరున వెలుగును. మిలిందపన్హ యను పాలిగ్రంథమున నాగసేనభిక్షువు, యవనరాజగు మిలిందుడును సంభాషింతురు. రాత్రి తొలిజామున వెలిగిన జ్వాలయు నడిజామున వెలిగిన జ్వాలయు ఒక్కటియేనా యని భిక్షువు అడుగును; కాదని రాజు చెప్పును. అట్లయిన జామునకొక దీపమున్నదా యని అడుగగా, అదియు కాదు, ఒక్క దీపము నాశ్రయించియే రాత్రియంతయు వెలుగు సాగినదని రాజే సమాధానమిచ్చును. పుట్టినవాడును పెరిగినవాడును అదే మనిషియా, వేరు మనిషియా యను చిక్కుప్రశ్న ఇట్లు రాజు నోటనే విడిపోయినది. ఇచ్చట గమనింపదగిన దేమనగా, గీత నిశ్చలమన్న దీపమే నాగసేనుని చూపునకు క్షణక్షణము మారునది. వాడపల్లి క్రింది దీపము సైతము నిజముగా నిలిచియున్నదా, నిలిచినట్లు తోచుచున్నదా యని అడిగిన శ్రోత, ఒక్క యడుగున యోగశాస్త్రమునుండి బౌద్ధక్షణికవాదమునకు చేరినవాడగుచున్నాడు.

న్యాయదర్శనమున దీపము ప్రమాణచర్చకు వచ్చినది. వస్తువును ప్రమాణముచే తెలిసికొందుమన్నచో ఆ ప్రమాణమును దేనిచే తెలిసికొందుము, దానికి వేరొక ప్రమాణము కావలెనన్న అనవస్థ కలుగదా యని పూర్వపక్షి ప్రశ్న. దీపపు వెలుగువలెనే ప్రమాణములు సిద్ధించునని రెండవ అధ్యాయమున సూత్రకారుని సమాధానము. దీపమును చూచుటకు మరియొక దీపమెవడును తెచ్చుకొనడు గదా యని లోకము తల యూచును.

లోకము తల యూచినచోటనే ఆచార్య నాగార్జునుడు పట్టుకొనెను. మూలమధ్యమకకారికలలో ఏడవ ప్రకరణమున, దీపము తన్నును ఇతరమును కూడ వెలిగించునట్లు ఉత్పత్తియు తన్నును ఇతరమును పుట్టించునని వాదించిన ప్రతివాదిని అతడు నిలదీసెను. దీపమున్నచోట చీకటి లేదు; ఇక అది వెలిగించునదేది? చీకటిని తాకకుండగనే పోగొట్టునన్నచో, ఇక్కడి దీపము లోకమందలి చీకటినంతను పోగొట్టవలదా? దీపము తన్ను తాను వెలిగించుకొనునన్నచో చీకటి తన్ను తాను కప్పుకొనవలదా? ఈ ప్రశ్నలు పల్లెటూరి రచ్చబండమీద పడినను నవ్వుతో మొదలై మౌనముతో ముగియునట్టివి. పరిభాష ఒక్కటియు లేదు. కాని భారతీయ తత్త్వచింతనలో మిక్కిలి కఠినమని పేరు పొందిన గ్రంథపు గుండె ఇక్కడనే కొట్టుకొనుచున్నది.

చివరకు వేదాంతము. విద్యారణ్యుల పేర ప్రసిద్ధమైన పంచదశిలో పదవ ప్రకరణము నాటకదీపము. నాట్యశాలయందలి దీపము యజమానిని, సభ్యులను, నర్తకిని సమముగా వెలిగించుననియు, వారందరును వెడలిపోయిన పిదప శూన్యశాలలోను అట్లే వెలుగుననియు, సాక్షిచైతన్యము అట్టిదనియు అందలి భావము. మన పల్లెలలో వీధిభాగవతము ఆడిన రాత్రులను ఎరిగినవారికి, వేషగాండ్రు వెళ్లిపోయిన తరువాత పందిటిలో మిగిలిన దీపము గుర్తు వచ్చును. ఆ గుర్తే ప్రకరణమునకు సగము వ్యాఖ్యానము.

ఒక్క దీపముచే ఇన్ని సిద్ధాంతములు, అందును ఒకదానినొకటి ఖండించునవి, బోధింపబడుటనుబట్టి దృష్టాంతము స్వయముగా సిద్ధాంతము కాదని స్పష్టమగుచున్నది. అది ఇరువురు కూర్చుండి మాటలాడుకొనుటకు పరచిన చాప వంటిది. చాపమీద కూర్చుండబెట్టి మాట ముగించిన బోధకుడు బోధింపలేదు, అతిథిని కూర్చుండబెట్టినాడంతే.

నాగార్జునుని రెండు మార్గములు

వాడపల్లికి ఎగువను, కృష్ణాతీరముననే, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వెలసిన లోయ యుండెను. నాగార్జునకొండగా మనమెరిగిన ఆ స్థలమున 1926లో బౌద్ధావశేషములు వెలుగు చూచినవి. 1954 మొదలుకొని 1960 వరకు విస్తృతముగా త్రవ్వకములు జరిగినవి. నాగార్జునసాగర జలాశయమున ఆ లోయ మునిగినది. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరియందును గొప్ప బౌద్ధారామపు శిథిలములు బయల్పడినవి. కొండపేరును బట్టి ఆచార్యుడు అక్కడనే నివసించెనని నిర్ణయించుట చరిత్రకారునికి తగదు గాని, అతడు శాతవాహన ప్రభువునకు మిత్రుడను సంప్రదాయము మాత్రము బలమైనది.

ఆ మైత్రికి గురుతుగా నిలిచినది సుహృల్లేఖ. అనగా స్నేహితునికి వ్రాసిన లేఖ. నూట ఇరువది పైచిలుకు శ్లోకముల చిన్నపొత్తము. సంస్కృతమూలము నశించినను టిబెట్టు భాషలో అనువాదమును, చీనాభాషలో మూడు అనువాదములును నిలిచియున్నవి. ఆ మూటిలో నొకటి ఏడవ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన ఇత్సింగు చేసినది. భారతదేశమున బాలురు చదువు ప్రారంభించునప్పుడే ఈ లేఖను కంఠస్థము చేయుదురని ఇత్సింగు వ్రాసియుంచెను. శూన్యవాదమును ఇరువదియేడు ప్రకరణములలో పట్టుసడలని తర్కముతో నిరూపించిన చేతితోనే బాలుర నోట నిలిచిన పొత్తము కూడ వెలువడుట యోచింపదగిన సంగతి.

ఆ లేఖలో గృహస్థుడగు రాజునకు ఆచార్యుడు చూపిన దృష్టాంతములు ఎంత సామాన్యమైనవో చూడుడు. మనుష్యుల చిత్తములు నీటిమీదను, నేలమీదను, రాతిమీదను గీచిన గీతల వంటివట. రాగద్వేషములు నీటిగీతగా నుండుట మేలు, ధర్మనిష్ఠ రాతిగీతగా నుండుట మేలు. మరియొకచోట మనుష్యులను మామిడిపండ్లతో పోల్చి, పచ్చిదై పండినట్లు కనబడునదియు, పండియు పచ్చిగా కనబడునదియు, పచ్చిదై పచ్చిగానే కనబడునదియు, పండి పండినట్లే కనబడునదియు నని నాలుగు తెగలు చెప్పెను. వేసవిలో మామిడిబుట్టముందు కూర్చుండి పండును వ్రేలితో నొక్కిచూచు తెలుగువానికి ఈ నాలుగు తెగలను వేరుగ బోధింప నక్కరలేదు.

సుహృల్లేఖ మూలమధ్యమకకారికలకు సంగ్రహము కాదు. అది చెప్పునది శీలము, దానము, వైరాగ్యము, ప్రజ్ఞ. కారికలు చేయునది తర్కపరీక్ష. ఆచార్యుడు కఠినగ్రంథమును పలుచన చేసి ప్రజలకు పోయలేదు. వేరొక శ్రోతకొరకు వేరొక గ్రంథమునే రచించెను. అందరికిని ఒకే గ్రంథమును ఒకే మోతాదున పంచవలెనను నేటి సులభబోధకులు నేర్వవలసిన మొదటి పాఠమిది.

తెలుగుదారి

తెలుగుదేశమున తత్త్వము ప్రజలకు చేరిన దారులను మూడుగా గుర్తింపవచ్చును: భాషాచ్ఛందస్సుల మార్గము, సంవాదమార్గము, గేయమార్గము.

భాషాచ్ఛందస్సుల మార్గమునకు పాల్కురికి సోమనాథుడు నాయకుడు. సంస్కృతసమాసభూయిష్ఠమైన వృత్తములకన్న ద్విపద సర్వజనులకు సులభమని అతడు బుద్ధిపూర్వకముగా ఎన్నుకొనెను. ఎన్నుకొన్నందులకు కారణమును కూడ తన కావ్యములలో చెప్పుకొనెను. బసవపురాణ పండితారాధ్యచరిత్రలలో వీరశైవతత్త్వము భక్తుల కథలుగా సాగినది గాని, కథ మాటున వాదము దాగలేదు. పండితారాధ్యుడు పరమతస్థులతో చేసిన వాదములు ద్విపదలోనే వినవచ్చును. పాడుకొనుటకు వీలైన ఛందస్సులో పూర్వపక్షమును కూడ నిలుపవచ్చునని నిరూపించిన ధీరుడతడు.

తిక్కన మార్గము వేరు. భీష్మపర్వమున భగవద్గీతను అతడు మిక్కిలి సంగ్రహించెను. యుద్ధకథ నడకకు ఉపదేశము అడ్డుపడరాదను కావ్యదృష్టి అందులకు కారణమై యుండవచ్చును. కథకుడుగా అతని నిర్ణయమును తప్పు పట్టుట తగదు. కాని గీతయంతయు తెలుగున కావలెననుకొన్నవాడు మరియొక గ్రంథమును వెదకుకొనవలసివచ్చెను. సంగ్రహము ఒక ప్రయోజనమునకు ఎంత ఉచితమైనను, వేరొక ప్రయోజనమునకు చాలదనుటకు ఇదియే నిదర్శనము.

సంవాదమార్గమున బమ్మెర పోతన తృతీయస్కంధమునందలి కపిలదేవహూతి సంవాదము ముఖ్యమైనది. సాంఖ్యశాస్త్రమును కుమారుడు తల్లికి బోధించుచున్నాడు. వినునది గురుకులమున చదివిన శిష్యుడు కాదు, భర్త సన్యసించి వెడలిపోగా మిగిలిన గృహిణి. ప్రకృతిపురుషవివేకము ఆమెకు పాఠము కాదు, దుఃఖోపశమనము. మడికి సింగన వాసిష్ఠరామాయణమును తెనిగించి, విరక్తుడైన బాలరామునికి వసిష్ఠుడు చెప్పిన అద్వైతకథలను పద్యములలో నిలిపెను. పదునెనిమిదవ శతాబ్దమున ఓరుగల్లు ప్రాంతపువాడైన పరశురామపంతుల లింగమూర్తి రచించిన సీతారామాంజనేయ సంవాదము ఈ మార్గమునకు పరాకాష్ఠ. తారకము, సాంఖ్యము, అమనస్కము అను మూడు యోగములను మూడాశ్వాసములలో ఆంజనేయునికి బోధించు నెపమున, సంస్కృతప్రకరణగ్రంథములలోని పరిభాషను సమగ్రముగా తెలుగు పద్యములలోనికి దించిన గ్రంథమిది. పరిభాషను విడువక, ఒక్కొక్క మాటను విప్పి చెప్పి, శిష్యునిచేత మరల అడిగించి ముందునకు సాగుట దీని పద్ధతి. ఊరిగుడిలో గాని, గురువింటి అరుగుమీద గాని కూర్చుండి పఠించి అర్థము చెప్పుకొనుటకు ఇంతకన్న తగిన గ్రంథము తెలుగున అరుదు.

గేయమార్గము వ్రాతలేనివారిది. వేమన పద్యమును, అచలగురువుల తత్త్వములును, వీరబ్రహ్మముగారి తత్త్వములును తంబుర మీటుచు, చిరుతలు వాయించుచు పల్లెపల్లెకు ప్రాకినవి. నల్లగొండ సీమలో మాదిగకులమున జన్మించిన దున్న ఇద్దాసు తత్త్వములు పాడి శిష్యులను సంపాదించెననగా, తత్త్వశాస్త్రాధికారము ఏయే గడపలు దాటినదో తెలియుచున్నది. ఈ తత్త్వములలో దేహమునకు తోలుతిత్తి, ఊరు, బండి మున్నగు దృష్టాంతములు వచ్చును. అయితే గేయము జ్ఞాపకమునకు ఎంత అనుకూలమో ప్రశ్నకు అంత అనుకూలము కాదు. పాట నడుమ ఎవడును ఎదురు ప్రశ్న వేయడు. ఆ కొరతను పాట ముగిసిన తరువాతి గురుశిష్యగోష్ఠి తీర్చుచుండెను. గోష్ఠి పోయి పాట మిగిలినచోట తత్త్వము సంగీతమైనది.

ముద్రణయుగము

ఇరువదవ శతాబ్దమున తెలుగునాట గ్రంథాలయములును పత్రికలును ఈ పనిని తలకెత్తుకొన్నవి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1906లో విజ్ఞానచంద్రికా మండలియు వెలసినవి. 1922లో నల్లగొండనుండి నీలగిరి పత్రిక వెలువడినది. ఉర్దూ రాజభాషగా నున్న రాజ్యమున తెలుగున చదువుటయే యుద్యమమైన రోజులవి. శాస్త్రవిషయములు తెలుగున చదివి తెలిసికొనదగినవని ప్రజలకు నమ్మకము కలిగించినది ఆ యుద్యమమే.

వేదాంతబోధలో మలయాళస్వామి కృషి ప్రత్యేకముగా పేర్కొనదగినది. 1926లో ఏర్పేడు సమీపమున వ్యాసాశ్రమమును స్థాపించి, స్త్రీలకును అన్ని కులములవారికిని వేదాంతశ్రవణాధికారము కలదని ప్రకటించి, సంస్కృతమును సైతము నేర్పించెను. ఆయన శిష్యుడగు విద్యాప్రకాశానందగిరిస్వామి శ్రీకాళహస్తిలో శుకబ్రహ్మాశ్రమమును నెలకొల్పి, ఊరూర గీతాజ్ఞానయజ్ఞములు జరిపి, గీతామకరందమను వ్యాఖ్యానమును తెలుగువారి చేతికిచ్చెను. శ్లోకము, ప్రతిపదార్థము, తాత్పర్యము, వ్యాఖ్య, ప్రశ్నోత్తరములు అను క్రమమున సాగు ఆ గ్రంథము సంస్కృతము రానివానిని శ్లోకమునకు దూరము చేయక, శ్లోకము దగ్గరకే చేయి పట్టి నడిపించినది.

పాశ్చాత్యతత్త్వమును తెలుగువారికి పరిచయము చేసినవారిలో నండూరి రామమోహనరావు విశిష్టుడు. పత్రికాసంపాదకుడుగా అలవడిన సుబోధశైలితో ఆయన రచించిన విశ్వదర్శనము పాశ్చాత్యచింతనకొక సంపుటమును, భారతీయచింతనకొక సంపుటమును కలిగి, కళాశాల గడప ఎక్కనివాడును చదువగలిగిన తత్త్వచరిత్రయైనది.

ఈ సందర్భమున ప్లేటో గుహను స్మరింపవలసియున్నది. రిపబ్లిక్ గ్రంథపు ఏడవ భాగమున, బాల్యమునుండియే గుహలో బంధింపబడి, వెనుక మండు నిప్పువెలుగులో ఎదుటి గోడమీద పడు నీడలను మాత్రమే చూచుచు, అవియే సత్యములని నమ్మినవారి కథ గలదు. అక్కడి అడ్డుగోడను బొమ్మలాటవారి తెరతో ప్లేటోయే పోల్చెను. తెలుగువానికి వెంటనే తోలుబొమ్మలాట తోచును: తెరవెనుక దీపము, నడుమ బొమ్మ, ఇవతల ప్రేక్షకుడు. పోలిక మిక్కిలి ఒద్దికగా కుదిరినది. కాని కుదరని చోటొకటి యున్నది. తోలుబొమ్మలాట చూచువాడు అది ఆటయని ఎరుగును. కేతిగాని మాటలకు నవ్వి తెల్లవారి పొలమునకు పోవును. గుహలోని బందీకి ఆటయని తెలియదు; తెలియదనుటయే ప్లేటో చెప్పదలచిన సంగతి. ఈ భేదమును చెప్పక దృష్టాంతమును మాత్రమే చెప్పిన బోధకుడు శ్రోతకు తోలుబొమ్మలాటను ఇచ్చి ప్లేటోను దాచినవాడగును. భేదమును శ్రోతయే కనుగొని, ఇవి రెండును ఒక్కటి కావు గదా యని అడిగిన క్షణమున గ్రంథము అతనిదైనది.

సులభబోధకు కొలతలు

పై పరిశీలనమునుండి సులభబోధను కొలుచుటకు మూడు ప్రమాణములు తేలుచున్నవి.

మొదటిది దృష్టాంతశుద్ధి. దృష్టాంతము బోధకునికి కాక శ్రోతకు తెలిసినదై యుండవలెను. రజ్జుసర్పభ్రాంతి గూర్చి వినిన రైతునకు మోటత్రాడు కన్నులకు కట్టవలెను. శుక్తిరజతము చెప్పునప్పుడు, ముత్యపుచిప్పను ఎన్నడును చూడని మెట్టప్రాంతపువానికి వేరొక మెరుపు వెదకవలెను. దామరచర్ల ప్రాంతపు తండాలలో ఇంటిభాష తెలుగు కాదు, గోరుబోలి. ఆ తల్లులకు తెలుగున చేసిన బోధ సైతము అనువాదమే యగుచున్నది. వారి పాటలలో, పశువుల మందలలో, ప్రయాణములలో వెలసిన దృష్టాంతములు మనకు తెలియకపోవుట వారి లోపము కాదు.

రెండవది సంగ్రహనిజాయితీ. సాంఖ్యకారికల చివరి కారిక ఈ విషయమున ఆదర్శప్రాయము. షష్టితంత్రమందలి విషయములన్నియు ఈ డెబ్బది కారికలలో నున్నవనియు, ఆఖ్యాయికలను పరవాదములను మాత్రము విడిచితిమనియు అది చెప్పుచున్నది. తాను కుదించినదానిని కుదించితినని, విడిచినది ఇదియని ముందే చెప్పు సంగ్రహకర్త శ్రోతను వంచింపడు; కావలసినవాడు విడిచినదానిని వెదకుకొనును. నేటి సారాంశపుస్తకములలో ఇట్టి యొక్క వాక్యము అరుదు. గీతాసారమని గోడలకు వ్రేలాడదీయు పటములను జ్ఞాపకము చేసికొనుడు. అందు అర్జునుని ప్రశ్న ఒక్కటియు కనబడదు.

మూడవది పూర్వపక్షరక్షణ. శాస్త్రగ్రంథములలో సిద్ధాంతమునకు ముందు పూర్వపక్షమును నిలుపుట వాదక్రీడ కొరకు కాదు; తెలియనివాడు అడుగు ప్రశ్నను తెలిసినవాడు తన నోట ఉంచుకొని కాపాడుట కొరకు. వెయ్యేండ్ల క్రిందటి గ్రంథములో పూర్వపక్షి అడిగినది చాలతావుల నేటి సామాన్యశ్రోత మనస్సులో మెదలునదే. గంభీరమైన పరిభాష వలన ఆ ప్రశ్న శ్రోతకు అందకపోయినచో పరిభాషను విప్పవలెను; ప్రశ్ననే తీసివేసినచో సిద్ధాంతము ఆజ్ఞయగును. ఆజ్ఞను వినువాడు లోబడునో ధిక్కరించునో గాని తెలిసికొనడు. పండితుని కాఠిన్యమును ప్రచారకుని సౌలభ్యమును పైకి విరుద్ధములుగా తోచినను ఈ యొక్కచోట కలిసికొనుచున్నవి: ఇద్దరును శ్రోతను ప్రశ్నింపనీయరు.

సులభబోధ అన్ని గ్రంథములకు ఒకే తీరున సాగదని కూడ ఒప్పుకొనవలెను. పద్ధతిప్రకారము గురుముఖమున చదివినగాని పట్టుబడని నవ్యన్యాయ పరిభాష వంటివి కలవు. అట్టివానిని బలవంతముగా కథలు చేయుట కన్న, ఆ శాస్త్రము ఏ ప్రశ్నకు పుట్టినదో చెప్పి ఊరుకొనుట మర్యాద. ప్రశ్న చేరినవాడు శాస్త్రమువరకు రాకపోయినను నష్టము లేదు. ప్రశ్న చేరకుండ శాస్త్రమును కంఠస్థము చేసినవానివలన లాభము లేదు.

ఉపసంహారము

న్యాయసూత్రకారుడు లౌకికునికిని పరీక్షకునికిని సమానస్థానమిచ్చి దృష్టాంతమును నిర్వచించెను. నాగార్జునుడు శ్రోతభేదమునుబట్టి గ్రంథభేదమును పాటించెను. సోమనాథుడు వాదమును ద్విపదలో నిలిపెను. లింగమూర్తి పరిభాషను విడువకయే విప్పి చూపెను. వ్యాసాశ్రమము అధికారపు గడపను తొలగించెను. వీరిలో నొక్కరును శాస్త్రమును తేలిక చేయలేదు. శ్రోతను తక్కువ చేయకుండుటయే వీరందరి రహస్యము.

కావున గ్రంథాలయములందును దేవాలయ ప్రాంగణములందును తత్త్వోపన్యాసములు జరిపించు పెద్దలకు ఈ వ్యాసకర్త విన్నపము ఒక్కటియే: ఉపన్యాసమునకు కేటాయించిన కాలములో సగము శ్రోతలకు విడువుడు, ఆ సగమున మొదటి ప్రశ్న పండితునిచేత గాక, వెనుకవరుసలో కూర్చున్నవానిచేత అడిగింపుడు. వాడపల్లి గర్భగుడిలో రెండు దీపములను ఒక్కచోట ఉంచినవారు నిశ్చలమైనదానిని మాత్రమే ఉంచి ఊరుకొనలేదు. కదలుదీపమునకు చోటు పైననే యిచ్చిరి.